మూడో గ్లాసులో మడ్డి

అపరాధ పరిశోధక కథలను సాహిత్య విమర్శ గడప దాటనివ్వకపోవడం మనకు పాత ఆచారమే. రైల్లో చదివి, దిగేటప్పుడు సీటు మీద వదిలేసే సరుకుగానే వాటికి గుర్తింపు. ఆ ఆచారాన్ని తప్పుపట్టబోవడం లేదు. ఆ సరుకులో చాలా భాగానికి అంతకు మించిన మర్యాద దక్కనక్కరలేదు కూడా. అయితే ఎప్పుడో ఒకసారి ఒక కథ మొత్తం ఏదో చిన్న వస్తువు మీద నిలబడుతుంది. ఆ వస్తువు గుణం తెలిసినవాడికి కథ ఒక రకంగా, తెలియనివాడికి ఇంకో రకంగా అర్థమవుతుంది. అటువంటప్పుడు వస్తువును పరీక్షించడమే విమర్శ అవుతుంది. ఆర్థర్ కానన్ డాయిల్ రాసిన 'అబీ గ్రేంజ్' కథ అలాంటిది. 1904 సెప్టెంబరులో 'స్ట్రాండ్' పత్రికలో అచ్చయి, 1905లో 'ద రిటర్న్ ఆఫ్ షెర్లాక్ హోమ్స్' సంపుటిలో చేరింది. ఆ కథకు ఇరుసు పాత ద్రాక్షసారా సీసాలో పేరుకునే మడ్డి.

కథ తెలియనివారి కోసం నాలుగు మాటలు. 1897 చలికాలం చివర. కెంట్ ప్రాంతంలో పెద్ద ధనవంతుడు సర్ యూస్టేస్ బ్రాకెన్‌స్టాల్ తన భోజనాల గదిలో పొయ్యి ఎగదోసే ఇనుపకడ్డీ దెబ్బకు చచ్చి పడి ఉంటాడు. ముగ్గురు దొంగలు వచ్చారనీ, తనను కొట్టి గంట తాడుతో కుర్చీకి కట్టేశారనీ, అడ్డం వచ్చిన భర్తను చంపారనీ, తాను మళ్ళీ కళ్ళు తెరిచేసరికి ముగ్గురూ తలా ఒక గ్లాసు పట్టుకొని వైను తాగుతున్నారనీ భార్య మేరీ చెబుతుంది. చిన్ననాటి నుంచి ఆమెను పెంచిన దాసి థెరీసా రైట్ అవునంటుంది. ఆ చుట్టుపక్కల రాండల్ అనే తండ్రీ ఇద్దరు కొడుకులూ దోపిడీలు చేస్తున్నారని పోలీసులకు ముందే తెలుసు. ఇన్‌స్పెక్టర్ హాప్కిన్స్‌కు లెక్క సరిపోయింది. హోమ్స్ కూడా తిరుగు రైలెక్కాడు.

కాని బల్లమీద మూడు గ్లాసులున్నాయి. మూడింటికీ వైను అంటుకొని ఉంది. ఒకదాంట్లో మాత్రం మడ్డి ఉంది. పక్కన దుమ్ముపట్టిన సీసా, మూడింట రెండు వంతులు నిండుగా. దాని పక్కన బాగా రంగు పట్టిన పొడుగాటి బిరడా. హోమ్స్ రైల్లో కూర్చున్నాడే గాని ఆ గ్లాసులు అతన్ని వదలలేదు. దారిలో ఒక చిన్న స్టేషనులో వాట్సన్‌ను లాక్కొని దిగిపోతాడు.

దిగాక జరిగే సంభాషణే ఈ కథకు ప్రాణం. ఆఖరున పోసిన గ్లాసులోకి మడ్డి రావడం సహజమే కదా అంటాడు వాట్సన్. కానే కాదంటాడు హోమ్స్. సీసా నిండా మడ్డి ఉండగా మొదటి రెండు గ్లాసులు తేటగా, మూడోది మాత్రం చిక్కగా రావడం ఊహకందని పని. రెండో గ్లాసు పోశాక ఎవరైనా సీసాను గట్టిగా కుదిపి ఉండాలి, లేకపోతే తాగినవారు ఇద్దరే అయి, రెండు గ్లాసుల అడుగులూ మూడోదాంట్లోకి వంచి ముగ్గురున్నట్టు చూపించి ఉండాలి. మొదటిది జరిగే పని కాదు కాబట్టి రెండోదే నిజం. ముగ్గురు లేరు. దొరసాని అబద్ధం చెప్పింది.

చదివినప్పుడు చాలా బాగుంటుంది. నిలబడుతుందా అన్నది చూడాలి. అందుకు మడ్డి సంగతి తెలియాలి.

ఎర్ర ద్రాక్షసారాకు రంగు వచ్చేది పండు తొక్క నుంచి. రంగునిచ్చే పదార్థాలూ, నాలుకను పట్టే వగరు పదార్థాలూ సారా కొత్తగా ఉన్నప్పుడు అందులో కరిగి ఉంటాయి. ఏళ్ళు గడిచేకొద్దీ అవి ఒకదానితో ఒకటి అతుక్కొని, బరువెక్కి, అడుగుకు దిగుతాయి. ద్రాక్షలోని పులుపుకు సంబంధించిన లవణం కూడా సన్నని పలుకులుగా వాటితో కలుస్తుంది. ఇది చెడిపోయిన గుర్తు కాదు, తాగితే ప్రమాదమూ లేదు. నోటికి ఇసుక తగిలినట్టు, చేదుగా ఉంటుంది, అంతే. అన్ని వైన్లలోకీ ఈ మడ్డి మెండుగా దిగేది పోర్చుగల్ నుంచి వచ్చే పోర్టులో, అందులోనూ మంచి ఏటి పంటగా ప్రత్యేకించి తీసిన వింటేజ్ పోర్టులో. పోర్టు పులిసే దశలోనే ద్రాక్ష నుంచి కాచిన ఘాటు సారా కలిపి పులియడం ఆపేస్తారు. ఆ పైన రెండు మూడేళ్ళే పీపాలో ఉంచి సీసాలకెత్తుతారు. మిగిలిన వయసంతా, ఇరవయ్యేళ్ళో ముప్ఫయ్యేళ్ళో, సీసాలోనే. పీపాలో వయసు ముదిరే టానీ రకానికి ఈ బాధ లేదు, దాని మడ్డి పీపాలోనే ఉండిపోతుంది. వింటేజ్ పోర్టు మాత్రం తన మడ్డిని తన దగ్గరే పెట్టుకుంటుంది. పడుకోబెట్టిన సీసా లోపలి గోడకు అది పెచ్చు కడుతుంది. ఏ పక్క పైకి ఉండాలో తెలియడానికి సీసా వీపు మీద సున్నపు చుక్క పెట్టేవారు. సీసాను చోటు మార్చినా ఆ చుక్క పైకే ఉండేలా పెడితే పెచ్చు కదలదు. ఆ పెచ్చులోంచి విడివడి తేలే పలుచని పొరలకే ఇంగ్లీషువాడు బీస్‌వింగ్ అని పేరు పెట్టాడు, అంటే తేనెటీగ రెక్క. కథలో ఎక్కడా ఫలానా వైను అని చెప్పలేదు. ఈ ఒక్క మాటను బట్టీ, ఆ పొడుగాటి రంగు బిరడాను బట్టీ అది పాత పోర్టు అని ఆనాటి పాఠకుడు ఇట్టే గుర్తుపట్టి ఉంటాడు. 1703 నాటి మెథ్యుయన్ ఒప్పందం పోర్చుగల్ వైన్ల మీద సుంకం ఫ్రెంచి వైన్ల సుంకం కంటే మూడో వంతు తగ్గించినప్పటి నుంచీ ఇంగ్లండు పెద్దింటి భోజనాల బల్ల పోర్టుకు అలవాటు పడింది మరి.

ఇలాంటి సీసాను ఉన్నపళాన గ్లాసులోకి ఒంపరు. ముందు తేరుస్తారు. ఒక రోజో రెండు రోజులో నిలువుగా నిలబెడతారు, పెచ్చు అడుగుకు జారాలని. బిరడాను కుదుపు లేకుండా తీయాలి. బిరడా బాగా పాతదై పొడి అయిపోయేలా ఉంటే, ఇనుప పటకారు ఎర్రగా కాల్చి సీసా మెడను పట్టి, తరువాత తడిగుడ్డ తగిలించి మెడనే చిట్లించే పద్ధతి కూడా ఉంది. మూతిని తుడిచి, మెడ కింద కొవ్వొత్తి వెలిగించి, దాని వెలుగు గాజులోంచి కనబడేలా పట్టుకొని, డికాంటర్ అనే గాజు కూజాలోకి సన్నని ధారగా పోస్తారు. మొదలుపెట్టాక మధ్యలో ఆపకూడదు. సీసాను మళ్ళీ నిలబెట్టకూడదు. నిలబెడితే లోపలి ద్రవం వెనక్కి పోటెత్తి అడుగునున్నదాన్నంతా లేపేస్తుంది. కొవ్వొత్తి వెలుగులో మెడ దగ్గరికి పొగలాగా మడ్డి రావడం కనబడగానే చెయ్యి ఆగిపోవాలి. అడుగున మిగిలిన రెండు మూడు ఔన్సులు పోయినట్టే లెక్క. ఆ కాస్త కోసం ఆశపడితే కూజా అంతా చెడుతుంది.

మనకిది కొత్త విద్యేమీ కాదు. గానుగ నుంచి తెచ్చిన నూనెను ఎండలో పెట్టి, మడ్డి దిగాక పైది వంచుకునే ఇల్లాలికి ఈ పేరా చదవనక్కరలేదు. జ్వరం తగ్గినవాడికి చారు తేట పోసే చెయ్యి కూడా అదే పని చేస్తుంది. కొవ్వొత్తి లేదు, అంతే తేడా.

ఇప్పుడు కథలోని సీసాను చూద్దాం. దాన్ని ఎవరూ తేర్చలేదు. హోమ్స్ బిరడాను పరీక్షించి, దాన్ని తీసింది సొరుగులోని పెద్ద కార్క్‌స్క్రూ కాదనీ, జేబు కత్తికుండే ఒకటిన్నర అంగుళానికి మించని మరతో మూడుసార్లు గుచ్చి లాగారనీ చెబుతాడు. మూడుసార్లు గుచ్చి లాగిన సీసాలో మడ్డి ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు, కలగాపులగం. కాబట్టి పోసిన ప్రతి గ్లాసులోకీ అది రావాల్సిందే. ఇంతవరకూ హోమ్స్ పక్షం బలంగానే ఉంది. వాట్సన్ చెప్పింది కూడా ఉత్త అమాయకపు మాట కాదు. ఆఖరి గ్లాసులో మడ్డి ఎక్కువ అన్నది నిజమైన సూత్రమే. అయితే అది సీసాలోని ఆఖరి గ్లాసుకు వర్తించే సూత్రం గాని, పోసినవాటిలో ఆఖరిదానికి కాదు. ఇక్కడ సీసాలో రెండు వంతులు ఇంకా ఉంది. అడుగు దాకా ఎవరూ వెళ్ళలేదు. హోమ్స్ వాట్సన్‌కు చెప్పాల్సిన సమాధానం ఇది. కళ్ళెదుట ఉన్న ఈ కొలతను వదిలి ఊహకందదు అంటూ గొంతు పెంచడం నాకు కాస్త లోపంగానే తోస్తుంది.

గొంతు పెంచినచోటే వాదంలో పగులు కూడా ఉంది. ఒక్కో గ్లాసుకూ సీసాను వంచి, నిలబెట్టి, మళ్ళీ వంచితే మడ్డి ప్రతిసారీ కొంచెం కొంచెం లేస్తుంది. మొదటిదాంట్లో కొద్దిగా, రెండోదాంట్లో ఇంకాస్త, మూడోదాంట్లో ఎక్కువ. గట్టిగా కుదపనక్కరలేదు, మామూలుగా పోస్తేనే ఇంత తేడా వస్తుంది. కాబట్టి రెండే మార్గాలు అన్న హోమ్స్ లెక్క తప్పు, మూడోదీ ఉంది. మరో చిక్కు. బీస్‌వింగ్ పలుచని పొర, గాజుకు అంటుకొనే గుణం కలది. రెండు గ్లాసుల అడుగులు మూడోదాంట్లోకి ఎంత వంచినా ఆ రెండింటి గోడలకు తునకలు మిగలకుండా పోవు. హాప్కిన్స్ వాటిని దీపం దగ్గర పెట్టి చూసి ఉంటే హోమ్స్ దాకా రానక్కరలేకపోయేదేమో. ఇంత చెప్పినా హోమ్స్ తేల్చిన సంగతి నిలబడుతుంది. ఎందుకంటే గ్లాసు ఒక్కటే సాక్ష్యం కాదు. తెగిన గంట తాడు ఉంది, నావికుడు మాత్రమే వేసే ముడి ఉంది, బిరడా ఉంది. మా బ్యాంకు పనిలో కూడా ఒక సంతకం అనుమానంగా కనిపిస్తే ఎవరూ అక్కడికక్కడ తీర్పు చెప్పరు. మిగతా కాగితాలు తిరగేస్తారు. గ్లాసు చేసిన పని అదే, హోమ్స్ చేత మిగతా కాగితాలు తిరగేయించింది.

ఇక జమాఖర్చు. పూర్తి సీసా సుమారు 750 మిల్లీలీటర్లు. మూడో వంతు ఖర్చయింది, అంటే 250. పోర్టు తాగే చిన్న గ్లాసులతో మూడు గ్లాసులకు సరిగ్గా సరిపోయే కొలత. చివర నిజం చెప్పే నావికుడు జాక్ క్రోకర్ మాట ఏమిటంటే, సొమ్మసిల్లిన మేరీ పెదవుల మధ్య కాస్త పోశాడట, తను ఒక చుక్క తాగాడట. కాస్తా, చుక్కా కలిపి 250 ఎలా అయ్యాయి? సముద్రం మీద తిరిగేవాడి చుక్క మన చుక్క కాదని సర్దుకోవచ్చు. కంగారులో ఒలికిపోయిందనుకోవచ్చు. ఏదైనా, సీసాలోని మట్టం ముగ్గురు తాగారన్న అబద్ధానికే సాక్ష్యం పలుకుతోంది గాని నిజానికి కాదు. గ్లాసుల్ని అంత పట్టిపట్టి చూసిన హోమ్స్ మట్టాన్ని లెక్కలోకి తీసుకోలేదు. కానన్ డాయిల్ కూడా తీసుకోలేదని నా అనుమానం. సీసాలో మూడో వంతు తగ్గించినప్పుడు అతని మనసులో ఉన్నది అబద్ధపు కథే. నిజం కథకు వచ్చేసరికి ఆ మట్టాన్ని మళ్ళీ పైకి జరపడం మరిచిపోయాడు.

ఈ కథను తెలుగులో చెప్పబోయేవారికి ఒక హెచ్చరిక. ఇంగ్లీషులో గ్లాసు అడుగున మిగిలినదానికి ఒక మాట, అందులో తేలే పొరకు ఇంకో మాట ఉన్నాయి. రెంటినీ మడ్డి అనేస్తే హోమ్స్ తర్కం చదునైపోతుంది. తాగి వదిలిన అడుగు వేరు, పాత పెచ్చు నుంచి విడివడిన పొర వేరు. తేనెటీగ రెక్క అని మాటకు మాట పెడితే నవ్వులపాలు. నన్నడిగితే మొదటిదానికి అడుగు, రెండోదానికి మడ్డిపొర అంటే చాలు. మాటలకు మనకు కరువు లేదు. మడ్డి, మష్టు, గసి, అన్నీ వాడుకలో ఉన్నవే. పైది తేట. తేటతెలుగు అన్నప్పుడు మనం వాడేది మడ్డి దిగాక మిగిలిన పైద్రవానికి ఉన్న పేరే. తమిళనాట ఉన్న మన పాఠకులకు తేఱు అన్న క్రియ రోజూ వినబడేదే. నీళ్ళు తేరడం, మనిషి తేరుకోవడం, పరీక్షలో గట్టెక్కడం అన్నిటికీ ఆ ఒక్క ధాతువే. బురద నీళ్ళను తేర్చడానికి మనం అరగదీసే ఇండుపగింజను వారు తేత్తాన్‌కొట్టై అంటారు. కన్నడంలో తిళి అంటే తేటపడటం, తెలుసుకోవడం కూడా. పప్పు దిగిన పైనీటితో కాచేది తిళిసారు. మన తెలియు, తెలివి, తెలి కూడా ఆ కుదురువే. మడ్డి దిగడానికీ తెలుసుకోవడానికీ ఒకే మాట పెట్టుకున్నవాళ్ళం మనం. ఇంగ్లీషువాడికి హోమ్స్ రైలు దిగడం చిత్రంగా కనబడవచ్చు గాని, మనకు అందులో చిత్రం లేదు. అతని మనసులో ఇంకా తేరలేదు, అందుకే దిగాడు.

తేరాక ఏం చేశాడన్నదే అసలు ప్రశ్న. క్రోకర్‌ను పిలిపించి నిజం చెప్పిస్తాడు. పారిపోవడానికి ఒక రోజు గడువిస్తానంటే, మేరీ చిక్కుల్లో పడుతుందని క్రోకర్ ఒప్పుకోడు. అప్పుడు హోమ్స్ వాట్సన్‌నే జూరీగా నిలబెట్టి, తానే జడ్జీ అయి, నిర్దోషి అని వదిలేస్తాడు. హాప్కిన్స్‌కు పూర్తి నిజం చెప్పడు. వెండి సామాను చెరువులో ఉందేమో చూడమని ఒక సూచన మాత్రం ఇస్తాడు. ఆ సూచన పట్టుకొని ముందుకు పోలేకపోవడం హాప్కిన్స్ ఖర్మ.

దీన్ని రచయిత దయాగుణంగా తీసిపారేయడానికి లేదు. సర్ యూస్టేస్ తాగుబోతు. భార్య చేతిని టోపీ సూదితో పొడిచినవాడు, ఆమె కుక్క మీద కిరసనాయిలు పోసి తగలబెట్టినవాడు. ఒకసారి థెరీసా మీదికి డికాంటర్ విసిరాడు. ఇంతటి క్రూరత్వం రుజువైనా ఆనాటి ఇంగ్లండు చట్టం ఆమెకు విడాకులిచ్చేది కాదు. 1857 చట్టం ప్రకారం భర్తకు భార్య వ్యభిచారం ఒక్కటి రుజువైతే చాలు. భార్యకు భర్త వ్యభిచారంతోపాటు క్రూరత్వమో, విడిచిపెట్టడమో మరొకటి కూడా రుజువు కావాలి. ఉత్త క్రూరత్వానికి విడిగా బతికే ఉత్తర్వు దొరకవచ్చు గాని పెళ్ళి తెగదు. వ్యభిచారం విషయంలో ఇద్దరికీ ఒకే న్యాయం 1923లో వచ్చింది. క్రూరత్వం ఒక్కటే చాలునన్నది 1937లో గాని రాలేదు. కథలో మేరీ మొదటి మాటల్లోనే ఆ చట్టాన్ని శపిస్తుంది. కానన్ డాయిల్ ఈ మాటలు ఆమె నోట ఊరికే పెట్టలేదు. 1909లో ఆయన విడాకుల చట్టాన్ని సంస్కరించాలని పనిచేసే సంఘానికి అధ్యక్షుడయ్యాడు. ముగ్గురు దొంగల అబద్ధం పుట్టింది క్రోకర్ బుర్రలోనో థెరీసా బుర్రలోనో అయినా, దానికి చోటిచ్చింది తలుపు లేని ఆ చట్టం.

అయినా నా ఫిర్యాదు ఒకటి మిగిలింది. కొవ్వొత్తి వెలుగులో మడ్డి మెడ దాకా వచ్చిందని చూసి చెయ్యి ఆపడం హోమ్స్‌కు సులువైంది. ఎందుకంటే రాండల్ ముఠా అదే రోజు పొద్దున న్యూయార్కులో పట్టుబడిందని కథలో వార్త వస్తుంది. రాత్రి కెంట్‌లో హత్య చేసినవాళ్ళు తెల్లారేసరికి అట్లాంటిక్ అవతల ఉండలేరు. కాబట్టి హోమ్స్ మౌనం వల్ల నష్టపోయేవారు ఎవరూ లేరు. చట్టం మరొకర్ని బలి తీసుకోనంతవరకే నీకు నా వల్ల భయం లేదని క్రోకర్‌తో అంటాడు. ఆ షరతు పెట్టడంలో నిజాయితీ ఉంది. కాని షరతును పరీక్షకు పెట్టే ధైర్యం రచయితకు లేకపోయింది. ఆ తండ్రీకొడుకులు లండన్‌లోనే దొరికి, మేరీ వాళ్ళను గుర్తుపట్టానని చెప్పి, ముగ్గురికీ ఉరిశిక్ష ఖాయమయ్యే రోజు వచ్చి ఉంటే? వాళ్ళు దొంగలే, కాని ఈ రక్తం వాళ్ళది కాదు. అప్పుడు మేరీ ఏం చేసేది, హోమ్స్ ఏం చేసేవాడు? గొప్ప కథ అక్కడ ఉంది. కానన్ డాయిల్ ఆ ముగ్గురినీ ఓడెక్కించి, మంచి కథ దగ్గర ఆగిపోయాడు.

చివరగా థెరీసా. ఆ రాత్రి మంచుగడ్డలా చల్లగా నిలబడిందని క్రోకరే ఆమెను మెచ్చుకుంటాడు. పన్నాగంలో తనకెంత భాగమో ఆమెకూ అంతేనంటాడు. మూడో గ్లాసు తెచ్చి పెట్టింది ఎవరో కథ చెప్పదు. ఆ ఇంట గ్లాసులు ఎక్కడుంటాయో తెలిసిన చెయ్యి ఆమెదే. మరి సీసాలో రెండు వంతులుండగా, అందులోంచే మూడో గ్లాసులో కాస్త పోసి పారబోస్తే సరిపోయేది. మూడింటిలోనూ మడ్డి ఉండేది, హోమ్స్ రైలు దిగేవాడు కాదు. ఆ పని చేయకుండా రెండు గ్లాసుల అడుగులూ ఒకదాంట్లోకి వంచారు. రచయిత ఆలోచించలేదనడం ఒక సమాధానం. నాకు మరోలా తోస్తుంది. దొరల సీసా ముట్టుకోకుండా, వాళ్ళు తాగి వదిలినవి ఒకచోట చేర్చి గిన్నెలు కడగడానికి తీసుకుపోవడం జన్మంతా ఆమె చేసిన పని. అంత కంగారులోనూ చెయ్యి తన అలవాటు చొప్పునే పోయింది.